మే నెలలో ల్యాబ్‌లో ఉండాలంటే నవంబరులో రాయాలి

(బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆదివారం సాయంత్రం డిగ్రీ సైన్సు విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. తల్లిదండ్రులు కూడా వచ్చారు, చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం మీరు వినాల్సినదే. బీఎస్సీ మొదటి ఏడాది ఎంతమంది? చేతులెత్తండి. రెండో ఏడాది? సరే. మూడో ఏడాది వాళ్లు తక్కువే ఉన్నారు, ఫరవాలేదు, మీకు చెప్పాల్సినవి కూడా ఉన్నాయి.

అసలు మాట ముందే చెప్పేస్తాను, మళ్లీ మళ్లీ చెప్తాను కూడా. వేసవి సెలవుల్లో ఒక పరిశోధన సంస్థలో పని చేయాలనుకుంటే అప్లికేషన్ చలికాలంలోనే వెళ్లిపోవాలి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు. చాలావాటికి ఆ మూడు నెలలే. ఏప్రిల్ చివర్లో పరీక్షలు అయిపోయాక మెయిల్స్ వస్తుంటాయి నాకు, "సార్, ఎగ్జామ్స్ అయిపోయాయి, మీ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ ఉందా" అని. మంచి పిల్లలే. కానీ అప్పటికి సీట్లు నిండిపోయి, హాస్టల్ గదులు కేటాయించేసి, టికెట్లు కూడా బుక్ అయిపోయి ఉంటాయి. ఆ పిల్లలకు తెలివి తక్కువై కాదు, వాళ్ల కాలేజీలో ఈ సంగతి ఒక్కరు కూడా చెప్పకపోవడం వల్ల పోయింది ఆ వేసవి. నాకు బాధనిపించేది అదే. అందుకే ఇవాళ వచ్చాను.

ముందు ఏమేమి ఉన్నాయో చూద్దాం. రాసుకునేవాళ్లు రాసుకోండి, పేర్లే ముఖ్యం, తేదీలు ఏటా కాస్త మారతాయి కాబట్టి ఆ సంస్థ సైట్‌లోనే చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. మన దేశంలో మూడు ప్రధాన సైన్స్ అకాడమీలున్నాయి. ఒకటి ఇక్కడే బెంగళూరులో ఉంది, 1934లో సీవీ రామన్ పెట్టింది. రెండోది ఢిల్లీలో, మూడోది ప్రయాగ్‌రాజ్‌లో. మూడూ కలిసి ఈ కార్యక్రమం నడుపుతాయి. ఎంపికైతే దేశంలో ఎక్కడో ఒక శాస్త్రవేత్త దగ్గర రెండు నెలలు పని చేయాలి. స్టైపెండ్ ఇస్తారు, రైలు ఛార్జీలూ ఇస్తారు. దీనికి మీ కాలేజీ పేరు గొప్పదా కాదా అన్నది అడ్డం రాదు. మార్కులు, ఏం చేయాలనుకుంటున్నారో, ఎందుకో మీరు రాసిన ఒక చిన్న రైటప్, మిమ్మల్ని ఎరిగిన టీచర్ రాసిన ఉత్తరం, ఈ మూడు చూస్తారు. ఆ రైటప్ గురించి కాసేపట్లో చాలా చెప్తాను.

రెండోది జక్కూరులోని జేఎన్‌సీఏఎస్‌ఆర్, అంటే జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్. 1989లో మొదలైంది, రసాయన శాస్త్రవేత్త సీఎన్‌ఆర్ రావు గారు కట్టి నిలబెట్టిన సంస్థ. అక్కడ కూడా వేసవి ఫెలోషిప్ ఉంది. దానితోపాటు చాలా ఏళ్లుగా నడిపిన ఇంకో మంచి పద్ధతి ఉంది, పీవోబీఈ, పీవోసీఈ అంటారు, ఒకటి బయాలజీకి, ఒకటి కెమిస్ట్రీకి. బీఎస్సీ మొదట్లోనే పిల్లల్ని తీసుకుని వరసగా మూడు వేసవులు అదే క్యాంపస్‌లో పని చేయిస్తారు. మూడు వేసవులు! మొదటి ఏడాది వాళ్లు చేతులెత్తారు చూడండి, ఇలాంటిదాని గురించి మీరు ఇప్పుడే కనుక్కోవాలి. రెండో ఏడాదిలో తెలిస్తే ఏం లాభం?

ఫిజిక్స్ వాళ్లకు సదాశివనగర్‌లో రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, 1948లో రామన్ గారు పెట్టింది. అక్కడ విజిటింగ్ స్టూడెంట్ ప్రోగ్రామ్ వేసవి ఒక్కటే అని లేకుండా ఏడాది పొడుగునా ఉంటుంది, కాబట్టి బెంగళూరులోనే చదివేవాళ్లకు బాగా పనికొస్తుంది. కోరమంగళలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్. ఆ దారిన రోజూ బస్సులో వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసు అది నక్షత్రాల మీద పరిశోధన చేసే చోటని? వాళ్లదే తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ. దానికి పెట్టిన పేరు హైదరాబాద్‌లో పెరిగిన వేణు బప్పు గారిది. 1949లో హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉండగానే ఒక తోకచుక్కను కనిపెట్టిన ముగ్గురిలో ఆయన ఒకరు. బయాలజీ వాళ్లకు బళ్లారి రోడ్డులో జీకేవీకే అనే వ్యవసాయ విశ్వవిద్యాలయ క్యాంపస్‌లో ఎన్‌సీబీఎస్, అంటే నేషనల్ సెంటర్ ఫర్ బయోలాజికల్ సైన్సెస్. థియరీ అంటే ఇష్టమున్నవాళ్లకు హెసరఘట్ట వైపు ఐసీటీఎస్, అంటే ఇంటర్నేషనల్ సెంటర్ ఫర్ థియరెటికల్ సైన్సెస్, అక్కడ ఎస్‌ఎన్ భట్ మెమోరియల్ ఫెలోషిప్ పేరుతో వేసవి ప్రోగ్రామ్ ఉంది. చెన్నై దగ్గరైతే తరమణిలో ఐఎంఎస్‌సీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమేటికల్ సైన్సెస్), సిరుసేరిలో సీఎంఐ (చెన్నై మ్యాథమేటికల్ ఇన్‌స్టిట్యూట్), ఐఐటీ మద్రాసు వేసవి ఫెలోషిప్. తిరుపతిలో 2015 నుంచి ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా, పరిశోధన సంస్థ ఉంది, రాయలసీమ పిల్లలు దాన్ని మర్చిపోవద్దు.

మ్యాథ్స్ వాళ్లు దిగాలుగా చూస్తున్నారు. మీకూ ఉంది. ఎంటీటీఎస్ అనే గణిత శిక్షణ శిబిరం 1993 నుంచి నడుస్తోంది, గణిత ప్రొఫెసర్ కుమరేశన్ గారు మొదలుపెట్టారు. వేసవిలో నాలుగు వారాలు. అక్కడ పాఠం చెప్పి నోట్సు ఇచ్చి పంపరు, బోర్డు దగ్గరికి పిలిచి "ఎందుకు? ఇది ఎందుకు నిజం?" అని అడుగుతూనే ఉంటారు. వెళ్లొచ్చిన పిల్లలు మాట్లాడే తీరే మారిపోతుంది, నేను చూశాను. ఇక ముంబైలో హోమీ భాభా సెంటర్ వాళ్ల నియస్ అనే డిగ్రీ విద్యార్థుల కార్యక్రమం, 2004 నుంచి ఉంది. డిగ్రీ తొలి ఏడాదుల పిల్లలకు ముందు క్యాంపు పెడతారు, అందులో బాగా చేసినవాళ్లకు ఏడాది, రెండేళ్లు సాగే ప్రాజెక్టు ఇస్తారు.

ఇంటర్‌లో బోర్డు మొత్తం మీద మొదటి ఒక్క శాతంలో ఉండి బీఎస్సీలో చేరినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇద్దరు. మీరు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కు అప్లై చేశారా అమ్మా? చేశారు. బాగుంది. అందులో ఏడాదికి 80,000 రూపాయలుంటే 20,000 ప్రత్యేకంగా వేసవి ప్రాజెక్టు కోసమే ఇస్తారు. ఆ ప్రాజెక్టును ఎవరిచేతో ఒక సంతకం పెట్టించుకుని ముగించకండి. ప్రభుత్వం మీ చేతికి డబ్బిచ్చి మరీ ల్యాబ్‌కు వెళ్లమంటోంది, వెళ్లండి.

సరే, పేర్లు చాలు. ఇప్పుడు మీ మనసులో ఉన్నది నేనే చెప్తాను. "మాది మామూలు డిగ్రీ కాలేజీ. మమ్మల్ని ఎవరు తీసుకుంటారు?" అవునా? ఇంటర్ అయ్యాక ఇంజినీరింగో మెడిసినో రాలేదని బీఎస్సీలో చేరినవాళ్లకు ఈ అనుమానం ఇంకా ఎక్కువ. ఉమ్మడి కృష్ణా జిల్లా వాళ్లు ఎవరున్నారు? ఆగిరిపల్లి తెలుసు కదా, నూజివీడు దగ్గర. 1909లో ఆ ఊళ్లో పుట్టిన సూరి భగవంతం గారు హైదరాబాద్ నిజాం కాలేజీలో బీఎస్సీ చదివి, కలకత్తా వెళ్లి రామన్ గారి దగ్గర పని చేశారు. 1957 నుంచి 1962 దాకా ఈ ఊళ్లోని ఐఐఎస్‌సీకి, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్‌గా ఉన్నారు. ఆ రోజుల్లో ఈ ఆన్‌లైన్ ఫారాలు లేవు, స్టైపెండ్లు లేవు. మీకు అన్నీ ఉన్నాయి. మార్కులు మరీ తక్కువైతే కష్టమే, అబద్ధం చెప్పను. కానీ 95 శాతం ఉన్నవాడి రైటప్‌లో పస లేకపోతే, 78 ఉన్న అమ్మాయి రైటప్‌లో ఒక మంచి ప్రశ్న కనిపిస్తే, చదివేవాళ్ల కళ్లు ఆ అమ్మాయి దగ్గరే ఆగుతాయి. నావైతే ఆగుతాయి.

ఇప్పుడు ఆ రైటప్ గురించి. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్తాను.

అప్లికేషన్లు చదివే రోజుల్లో నాకు ఎదురయ్యేవి దాదాపు ఒకే రకంగా ఉంటాయి. "చిన్నప్పటి నుంచి నాకు సైన్సంటే ప్రాణం. నేను కష్టపడి పని చేస్తాను. మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో అవకాశం ఇస్తే కృతజ్ఞుడిని." ఇందులో తప్పేముంది? తప్పేమీ లేదు. కానీ దీన్ని చదివి మీరు ఎవరో నాకు తెలిసిందా? మీ బుర్రలో ఏముందో తెలిసిందా? ఇప్పుడైతే చాట్‌బాట్‌తో రాయించిన రైటప్‌లు కూడా వస్తున్నాయి, పది చదివితే పదీ ఒకే గొంతుతో ఉంటాయి. ఇంగ్లిష్ అటూ ఇటూ అయినా ఫరవాలేదు, మీరే రాయండి.

ఏం రాయాలి? ఒక ప్రశ్న రాయాలి. ఒక్కటి చాలు. ఎక్కడి నుంచి వస్తుంది ప్రశ్న? మీ ప్రాక్టికల్స్ నుంచి, మీ ఊరి నుంచి, మీకు అర్థం కాని పాఠం నుంచి. ఒక ఉదాహరణ పూర్తిగా చెప్తాను. నల్గొండ వాళ్లు, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి వైపు వాళ్లు ఎవరైనా ఉన్నారా? మీకు ఫ్లోరైడ్ నీళ్ల గురించి నేను చెప్పక్కర్లేదు. పళ్లు గారపట్టడం, ఎముకలు వంగిపోవడం మీ కళ్లారా చూసి ఉంటారు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది. ఇప్పుడు మీ ఊళ్లోనే రెండు బోర్లున్నాయనుకోండి. ఒకదాంట్లో ఎక్కువ, రెండోదాంట్లో తక్కువ. ఎందుకు? రాయి ఒకటే, వాన ఒకటే. మరి ఎందుకు?

కెమిస్ట్రీ వాళ్లు చెప్పండి, సాల్యుబిలిటీ ప్రాడక్ట్, అంటే ఒక లవణం నీళ్లలో ఎంతవరకు కరుగుతుందో చెప్పే లెక్క చదివారా? కాల్షియం ఫ్లోరైడ్ నీళ్లలో ఎంత కరుగుతుంది? చాలా తక్కువ. అంటే నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి పెరగలేదు, కాల్షియం ఫ్లోరైడ్‌గా కింద దిగిపోతుంది. అదే నీళ్లలో కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువైతే? పట్టి ఉంచేది ఏదీ లేదు, గ్రానైట్ రాళ్లలోంచి వచ్చిన ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. చూశారా, పరీక్ష కోసం బట్టీ పట్టిన ఒక లెక్క మీ అమ్మమ్మ మోకాళ్ల నొప్పి దాకా వెళ్లింది. ఇప్పుడు ఒక విద్యార్థిని ఇలా రాసిందనుకోండి: "మా ఊరి రెండు బోర్ల నీళ్ల గట్టితనాన్ని (హార్డ్‌నెస్) మా కాలేజీ ల్యాబ్‌లో ఈడీటీఏ టైట్రేషన్‌తో చూశాను. గట్టి నీళ్ల బోరులోనే ఫ్లోరైడ్ తక్కువని పంచాయతీ రిపోర్టులో ఉంది. కాల్షియం వల్లనే ఇలా జరుగుతోందా, వేరే కారణం ఉందా తెలుసుకోవాలని ఉంది. దానికి ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ కావాలి, మా కాలేజీలో లేదు." అంతే. ఇంకేమీ రాయక్కర్లేదు. దీన్ని చదివిన కెమిస్ట్ ఎవరైనా ఈ పిల్లను వదులుకుంటారా? చెప్పండి.

ఆ ప్రశ్న మీద మీరే పని చేస్తారని గ్యారంటీ లేదు, అది కూడా తెలుసుకోండి. మీరు ఫ్లోరైడ్ అని రాస్తే మీకు దొరికే గైడ్ పాలిమర్ల మీద పని చేస్తుండవచ్చు. అయినా ప్రశ్న అడగడం వచ్చిన మనిషి అని వాళ్లకు తెలుస్తుంది, కావాల్సింది అది. అలాంటి ప్రశ్నలు మన దగ్గర ఎన్ని లేవు? శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో ఇప్పటికీ తేలలేదు. అక్కడి నుంచి వచ్చిన పిల్లలు బయోకెమిస్ట్రీ చదువుతూ ఆ మాట ఒక్కసారి కూడా అప్లికేషన్‌లో రాయకపోతే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇంతకీ ప్రశ్నలు పుట్టాలంటే సిలబస్ బయట ఏదో ఒకటి చదవాలి. రెజొనెన్స్ అని బెంగళూరు అకాడమీ వాళ్లే 1996 నుంచి నెలనెలా వేస్తున్న పత్రిక ఉంది, డిగ్రీ పిల్లల కోసమే, పాత సంచికలన్నీ నెట్‌లో ఉచితం. నెలకు ఒక్క వ్యాసం చదవండి. ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు ఇంకో అదృష్టం ఉంది. నెహ్రూ ప్లానిటోరియంలో ఫిజిక్స్ డిగ్రీ విద్యార్థులకు రీప్ అనే క్లాసులున్నాయి. ఐసీటీఎస్ వాళ్లు కాపీ విత్ క్యూరియాసిటీ పేరుతో అందరికీ ఉపన్యాసాలు పెడతారు. ఐఐఎస్‌సీ ఏడాదికోసారి ఓపెన్ డే పెట్టి గేట్లు తెరుస్తుంది. ఆ రోజు ఫొటోలు దిగి వచ్చేయకండి, ఒక ల్యాబ్‌లో నిలబడి అక్కడున్న పీహెచ్‌డీ స్కాలర్‌ను నాలుగు ప్రశ్నలు అడగండి.

టీచర్ ఉత్తరం గురించి ఒక్క మాట. చివరి తేదీకి ముందు రోజు స్టాఫ్‌రూమ్ ముందు నిలబడితే ఆ మేడమ్ ఏం రాస్తారు? "క్రమశిక్షణ గల విద్యార్థి" అని రాస్తారు. ఇంకేం తెలుసు ఆవిడకు? మూడు వారాల ముందు వెళ్లండి. మీ రైటప్ చూపించండి. క్లాసులో మీరు అడిగిన ప్రశ్నో, ప్రాక్టికల్స్‌లో మీరు చేసిన పనో గుర్తు చేయండి.

కొన్నిచోట్ల ఏ ప్రోగ్రామూ ఉండదు, నేరుగా ప్రొఫెసర్‌కు మెయిల్ రాయాలి. రాయండి, భయం వద్దు. కానీ ఒకే మెయిల్ యాభై మందికి పెట్టకండి, చూడగానే తెలిసిపోతుంది. ఒకరి ల్యాబ్ పేజీ తీరిగ్గా చదవండి. పండ్ల ఈగల నిద్ర మీద పని చేస్తున్నారనుకోండి, ఈగలకు నిద్రేంటి అనుకోవద్దు, 2017 మెడిసిన్ నోబెల్ ఈగల శరీర గడియారం మీద చేసిన పనికే వచ్చింది. వాళ్ల పేపర్లో ఒక బొమ్మ మీకు అర్థమైతే అది రాయండి, అర్థం కాని చోటు ఉంటే అదీ రాయండి. పది లైన్లు దాటొద్దు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలరో చెప్పండి. జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి ఒకసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి, అందులో అవమానం ఏమీ లేదు, నిజంగా వాళ్లకు తీరికుండదు.

ఇప్పుడు ఆంధ్రాలో డిగ్రీ చదివే పిల్లల కోసం. ఈ ఆదివారం ఊరి నుంచి వచ్చినవాళ్లు కొందరున్నారు కదా. 2020 మార్పుల తర్వాత మీకు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఉద్దేశం మంచిది. కానీ దాని చుట్టూ ఒక వ్యాపారం పుట్టింది. మూడు వేలో ఐదు వేలో కడితే సర్టిఫికెట్ ఇంటికి వస్తుంది, పని ఏమీ ఉండదు. తల్లిదండ్రులకు చెప్తున్నాను, దయచేసి ఆ డబ్బు కట్టకండి. నేను ఇవాళ చెప్పిన ప్రభుత్వ సంస్థల ఫెలోషిప్‌లలో వాళ్లే మీ పిల్లలకు స్టైపెండ్ ఇస్తారు. మిమ్మల్ని డబ్బు కట్టమన్నవాళ్లను ముందు అడగండి, మా అమ్మాయి ఏ పరికరం మీద పని చేస్తుంది, ఎవరు నేర్పిస్తారు, రోజుకు ఎన్ని గంటలు అని. జవాబు చెప్పలేకపోతే అక్కడికి పంపొద్దు. మీ కాలేజీ ఒప్పుకుంటే అకాడమీల ప్రాజెక్టునే ఆ ఇంటర్న్‌షిప్ కింద లెక్క వేయించుకోవచ్చు, ప్రిన్సిపాల్ గారిని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఎంపికైపోయారు, ల్యాబ్‌లో చేరారు. అప్పుడేం జరుగుతుంది? మొదటి రెండు వారాలు ఏమీ అర్థం కాదు. అందరికీ అంతే. గైడ్ వారానికి ఒకసారి కనిపిస్తారు, మీకు అసలు నేర్పేది పీహెచ్‌డీ స్కాలర్ అక్కో అన్నయ్యో. వాళ్ల పని ఆపుకుని మీకు నేర్పుతున్నారు, అది గుర్తుంచుకోండి. ఒకే విషయం రెండుసార్లు అడగొచ్చు, నాలుగోసారి అడిగేలోపు నోట్‌బుక్‌లో రాసుకుని ఉండాలి. నోట్‌బుక్ అంటే కాలేజీ రికార్డు లాంటిది కాదు. కాలేజీలో వచ్చిన విలువ నచ్చకపోతే పక్కవాడిది చూసి దిద్దుకుంటారు కదా? నవ్వుతున్నారు. ల్యాబ్‌లో అది చేయకూడదు. ఏం వచ్చిందో అదే రాయాలి, తేదీ వేసి, పెన్నుతో, తప్పొస్తే ఒక గీత కొట్టి పక్కన మళ్లీ రాయాలి. రెండు నెలల్లో గొప్ప ఫలితం ఎవరూ ఆశించరు. ఒక కొలత ఆరుసార్లు చేస్తే ఆరుసార్లూ ఎందుకు వేరుగా వచ్చిందో మీరు వివరించగలిగితే చాలు, మీ గైడ్ రేపు మీ ఎమ్మెస్సీకీ పీహెచ్‌డీకీ సంతోషంగా ఉత్తరం రాస్తారు.

మూడో ఏడాది వాళ్లకు చెప్తానన్నాను. మీకు ఈ వేసవి దాటిందని బెంగ వద్దు. ఎమ్మెస్సీలో చేరితే ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్, అంటే టీఐఎఫ్‌ఆర్ వాళ్ల వేసవి ప్రోగ్రామ్ వీఎస్‌ఆర్‌పీ లాంటివి తెరుచుకుంటాయి, అకాడమీల ఫెలోషిప్ ఎమ్మెస్సీ వాళ్లకూ ఉంది. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జాం రాస్తున్నవాళ్లు ఆ చదువుతోపాటే నవంబరులో ఈ ఫారాలు కూడా నింపండి.

అక్కడ ఒక అమ్మ చెయ్యెత్తారు. చెప్పండమ్మా. "ఆడపిల్లను రెండు నెలలు ఒంటరిగా ఎలా పంపాలి, ఎక్కడుంటుంది" అంటున్నారు. మంచి ప్రశ్న, మొహమాటం లేకుండా అడిగారు. చాలా సంస్థలకు క్యాంపస్‌లో హాస్టలో గెస్ట్‌హౌసో ఉంటుంది. ఎంపిక ఉత్తరం రాగానే వసతి ఇస్తారా అని అడగాలి, కొన్నిచోట్ల గదులు తక్కువ కాబట్టి ముందు అడిగినవాళ్లకు దొరుకుతాయి. దొరక్కపోతే దగ్గర్లో పేయింగ్ గెస్ట్ వసతి చూసుకోవాలి. మీరు మొదటి రోజు తోడు వచ్చి, ల్యాబ్ చూసి, గైడ్‌తో మాట్లాడి వెళ్లండి, ఎవరూ తప్పు పట్టరు. రాత్రి ఎనిమిది దాటాక ల్యాబ్‌లో ఒంటరిగా పని చేయొద్దని అమ్మాయికి చెప్పండి, అబ్బాయికీ చెప్పండి, అది రసాయనాల దగ్గర పాటించే మామూలు నియమం. ఇబ్బంది వస్తే చెప్పుకోవడానికి ప్రతి సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, చట్టం అది. చేరిన రోజే ఆ నంబరు ఫోన్లో పెట్టుకోవాలి.

ఇంకెవరు? ఆ చివర బాబుకి మైకు ఇవ్వండి. పేరు చెప్పక్కర్లేదు, ఏం చదువుతున్నావో చెప్పి, నీ ప్రశ్న అడుగు.